అన్నమును పాలును లేని విస్తరి

విశాఖపట్టణములో నేడు భోజనమునకు పిలిచిన గృహస్థు విస్తరి వేయకముందే ఒక ప్రశ్న వేయవలసి వచ్చుచున్నది: "తమరు అన్నము పుచ్చుకొందురా?" అని. మధుమేహము వచ్చినదని ఒకరు, దేహము బరువెక్కినదని ఒకరు, వైద్యుడు చెప్పినాడని మరియొకరు బియ్యము మానినారు. పాలు సరిపడవని, పెరుగు తినిన కడుపు ఉబ్బునని కొందరు పాడిని కూడ విడిచినారు. ఈ రెండింటిని ఒక్కమారే విడిచినవారి ఇంటిలో వంట చేయు ఇల్లాలి కష్టము వేరుగ చెప్పనక్కరలేదు. అన్నము లేనిదే పప్పు దేనిలో కలుపుకొందురు? పెరుగు లేనిదే భోజనమెట్లు ముగింతురు? పెద్దలకు ఇది అపచారముగనే తోచును. అన్నమును పెరుగును తాతతండ్రులనాటి తిండి గదా, దానిని కాదనుట ఏమి వివేకమని వారు అడుగుదురు.

ఈ ప్రశ్నకు వైద్యులు తమ పద్ధతిని సమాధానము చెప్పుదురు. మేము చరిత్ర పద్ధతిని చెప్పదలచినాము. నిజముగా మన తాతతండ్రులు ఏమి తినిరి? తెల్లని అన్నము ప్రతి ఇంటికి ఎప్పుడు వచ్చినది? ఆహారమునుండి ఒక వస్తువును తీసివేసినవారికి పూర్వము ఏమి జరిగినది? ఈ మూడు ప్రశ్నలకును విశాఖ తీరముననే సమాధానములు కలవు.

ఉమ్మడి విశాఖ మండలము ప్రధానముగ మెట్టసీమ. శారద, వరాహ, తాండవ, గోస్తని, చంపావతి చిన్న నదులు. వాన కురిసిన పారును, కురియకున్న ఎండును. గోదావరి, కృష్ణలవలె ఏడాది పొడుగున కాలువలు నింపగల శక్తి వానికి లేదు. కావున చెరువు క్రింద కొద్దిగ వరి పండినను, మెట్టమీద పండినది చోడి, గంటి, సామ, కొర్ర, ఉలవ, నువ్వు. ఇతర సీమలవారు రాగి యనునది ఇచట చోడి. వారు సజ్జ యనునది ఇచట గంటి. ప్రొద్దుట చోడి అంబలి, పగలు గంటి జావ, వానితో ఉల్లిపాయయో, పచ్చిమిరపకాయయో, ఎండుచేపయో: ఇది కష్టజీవి భోజనము. వరియన్నము పండుగకును, పెండ్లికిని, చుట్టము వచ్చిన నాటికిని ఉద్దేశింపబడినది. ఈ స్థితి విశాఖకు మాత్రమే పరిమితము కాదు. పలనాటిలో జొన్నకూడు తప్ప సన్నబియ్యము దొరకదని వాపోవు చాటుపద్యములు శ్రీనాథుని పేర నేటికిని ప్రచారములో ఉన్నవి. వరియన్నము నీరు గల సీమకును, ధనము గల ఇంటికిని చెందిన తిండిగ ఎంతకాలము ఉండెనో ఆ పద్యముల ప్రచారమే తెలుపుచున్నది.

పాడి సంగతియు ఇట్టిదే. గేదె గల ఇంటివారు నెయ్యి కాచి అమ్ముకొనెడివారు. ఇంటివారికి మిగులునది మజ్జిగ. గేదె లేని ఇంట పులుపునకు తరవాణి కుండ ఉండెను. గంజియు, అన్నము వార్చిన నీరును కుండలో పులియబెట్టి, మరునాడు ఆ పుల్లని నీటితో చల్ది తినుట అనేక కుటుంబములకు అలవాటు. పెరుగు చేయు పనిని తరవాణి చేసెను. కొండలమీద మరియొక విశేషము కలదు. పాడేరు, అరకు ప్రాంతములనుండి ఒరిస్సా కొండలవరకు నివసించు పలు గిరిజన సముదాయములలో పశువులను సాకినను పాలు పిదుకు ఆచారము పూర్వము లేకుండెను. పాలు దూడవి అను భావము వారిది. పాలు ముట్టకయే ఆ తల్లులు బిడ్డలను పెంచిరి, ఆ పురుషులు కొండలెక్కి పోడు కొట్టిరి. వారికి బలమునిచ్చినవి చోళ్ళు, సామలు, వలిసె నూనె, అడవి ఆకుకూరలు, దుంపలు, వాగులలోని చేపలు, వేటమాంసము.

అట్లయిన తెల్లని అన్నము ఇంటింటికి ఎట్లు వచ్చినది? అది ఒక్కనాడు వచ్చినది కాదు. ఒక్క దారిని వచ్చినదియు కాదు. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట గోదావరి డెల్టాను ధాన్యాగారముగ మార్చినది. 1890ల దశకములో తీరము వెంబడి రైలుమార్గము వచ్చుటతో ఆ ధాన్యము వాల్తేరుకు సులభముగ చేరినది. ఇరువదవ శతాబ్దారంభమున బియ్యపు మరలు వ్యాపించినవి. రోలును రోకలియు చేయలేని పనిని మర చేసినది: తవుడు మిగులకుండ గింజను మల్లెపూవువలె తెల్లగ చేసినది. అదే కాలమున ఈ తీరపు కూలీలు వేలకొలది ఓడలెక్కి రంగూనుకు పోయి అచటి రేవులలోను బియ్యపు మరలలోను పనిచేసిరి. ఆ దేశపు బియ్యము తిరిగి మన తీరమునకు దిగుమతి అయినది. 1933లో విశాఖ రేవు తెరువబడెను. ఆ సంవత్సరము అక్టోబరు 7వ తేదీన జలదుర్గ యను ఓడ మొట్టమొదట లోపలి రేవులో ప్రవేశించెను.

1942లో బర్మా జపాను వశమయ్యెను. ఆ బియ్యము ఆగిపోయెను. ఆ ఏప్రిలు 6వ తేదీన విశాఖమీద బాంబులు పడెను. యుద్ధకాలపు కరవుతో రేషను పద్ధతి వచ్చెను. నగరవాసికి ధాన్యము పొలమునుండి కాక చీటీమీద అంగడినుండి వచ్చుట అలవాటయ్యెను. 1966లో మనీలా వద్దనున్న అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐ.ఆర్.8 అను వంగడమును విడుదల చేసెను; మరుసటి సంవత్సరముననే పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు దానిని విస్తారముగ పండించి దేశమందెల్ల పేరుపొందెను. 1983లో నందమూరి తారకరామారావు ప్రభుత్వము కిలో 2 రూపాయల బియ్యము పథకమును ప్రారంభించెను. ఆకలి తీర్చుటలో ఆ పథకము చేసిన మేలును ఎవ్వరును కాదనలేరు. కాని, రెండు రూపాయలకు కిలో బియ్యము వచ్చునప్పుడు చోళ్ళు విసరి, అంబలి కాచు శ్రమ ఎవరు పడుదురు? పండుగనాటి తిండి ప్రతిదినపు తిండి అయినది. ప్రతిదినపు తిండి మరపున పడినది. 1970లో ఆరంభమైన పాలవెల్లువ కార్యక్రమమును, తరువాత వచ్చిన పాల సహకార సంఘములును, కాఫీ టీల అలవాటును కలిసి పాలను కూడ అంతే సామాన్యము చేసినవి.

ఇదే కాలమున పనియు మారినది. 1941లో రాజేంద్రప్రసాదుచే శంకుస్థాపన జరిగిన నౌకానిర్మాణశాల నుండి 1948 మార్చి 14వ తేదీన జల ఉష జలప్రవేశము చేసెను. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అను నినాదముతో మహోద్యమము నడిచెను, 1971లో ఇందిరాగాంధి ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన చేసెను, 1992లో పి.వి. నరసింహారావు దానిని జాతికి అంకితము చేసెను. నాగలి పట్టినవారి మనుమలు, వల విసరినవారి మనుమరాండ్రు మీట నొక్కు పనులకును, కుర్చీలలో చేయు పనులకును వచ్చిరి. నాగలి పట్టిన తాత తినినదానికంటె ఎక్కువ తెల్లని అన్నమును, నడక లేని మనుమడు తినుచున్నాడు. ఈ లెక్క ఎక్కడనో ఒకచోట తేలక తప్పదు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యమున జరిగిన సర్వే ఫలితములు 2023లో ప్రకటింపబడినవి. వాని ప్రకారము దేశమున మధుమేహము గలవారు సుమారు 10 కోట్ల మంది. అదే సర్వేనుండి 2025లో వెలువడిన వ్యాసము ప్రకారము మన ఆహారశక్తిలో వందకు 62 వంతులు పిండిపదార్థముల నుండియే వచ్చుచున్నది.

కావున బియ్యము తగ్గించుట తాతతండ్రులను కాదనుట కాదు. అయితే ఆహారమునుండి ఒక వస్తువును తీసివేయుట అంత తేలిక పనియు కాదు. దానికి సాక్ష్యము ఈ తీరముననే కలదు.

1835లో మద్రాసులో జాన్ గ్రాంట్ మాల్కంసన్ అను వైద్యుడు ఒక గ్రంథమును ప్రకటించెను. ఉత్తర సర్కారులలోని సిపాయిలను పీడించుచుండిన బెరిబెరి యను వ్యాధి దాని విషయము. మొదట కాళ్ళు తిమ్మిరెక్కును, పిదప నీరు పట్టును, నడక తడబడును, తుదకు గుండె ఆగును. దేశములోని ఇతర ప్రాంతములకంటె ఈ తీరముననే ఆ వ్యాధి హెచ్చు. గాలి దోషమా, నీటి దోషమా, సముద్రపు తేమయా అని వైద్యులు అనేక విధముల తర్కించిరి. కారణము మాత్రము అప్పటికి దొరకలేదు.

దొరికినది జావా ద్వీపమున. 1890ల దశకములో క్రిస్టియాన్ ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు తెల్లని బియ్యము తినిన కోళ్ళు కాళ్ళు పడిపోయి కూలుటయు, తవుడు పెట్టిన కోలుకొనుటయు గమనించెను. ఆ పరిశోధనకు 1929లో నోబెల్ బహుమానములో ఆయనకు భాగము లభించెను. తవుడులోని ఆ పదార్థమే నేడు మనము బి1 విటమిను, లేక థయమిన్ అనునది. దానిని 1936లో ప్రయోగశాలలో తయారుచేసిన రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ విలియమ్స్. అమెరికా మిషనరీల బిడ్డయైన ఆయన 1886లో జన్మించినది మన నెల్లూరులో. ఏ తీరము బెరిబెరికి పేరుపడినదో ఆ తీరపు దక్షిణ కొసన పుట్టినవాడే దాని మందును తయారుచేయుట చరిత్రలోని చిత్రము.

నీలగిరులలోని కూనూరులో ఉండిన పోషకాహార పరిశోధనశాల ఈ ప్రశ్నను వదలలేదు. ఆ సంస్థయే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి నేడు జాతీయ పోషకాహార సంస్థగ ఉన్నది. దాని అధ్యక్షుడు ఆక్రాయిడ్‌ను, ఆయన సహచరులును 1940లో భారతదేశపు బియ్యపు సమస్యను గూర్చి ఒక నివేదికను ప్రకటించిరి. తమిళదేశమున బియ్యమే తిండి. అచట బెరిబెరి లేదు. ఉత్తర సర్కారులలో బియ్యమే తిండి. ఇచట బెరిబెరి కలదు. భేదమేమి? తమిళులు తినునది ఉప్పుడు బియ్యము. ఇచటివారు తినునది మరపట్టిన పచ్చి బియ్యము. వడ్లను ఉడికించి ఎండబెట్టిన తవుడులోని విటమిను గింజలోనికి ఇంకును. ఆపై మరపట్టినను కొంత నిలుచును. పచ్చి వడ్లను మరపట్టిన అది తవుడుతో పోవును. మిగిలినది బియ్యము కడిగిన నీటితోను, వార్చిన గంజితోను పోవును. పసిబిడ్డలకు ఇది మరింత ప్రాణాంతకము. పచ్చి బియ్యమే తినిన తల్లి పాలలో ఆ విటమిను కొరవడ, నెలల బిడ్డలు పాలు త్రాగుచునే హఠాత్తుగ మరణించెడివారు. ఆక్రాయిడ్, కృష్ణన్ 1941లో ఈ ప్రాంతపు శిశుమరణములను గూర్చి ప్రత్యేకముగ వ్రాసిరి.

తెల్లని బియ్యము కోరి తినినవారు విషము తినలేదు. వారు ఒక్క తవుడును మాత్రమే తీసివేసిరి. ఆ తవుడుతో ఏమి పోవుచున్నదో వారికి తెలియదు. ఈ కథ నేడు బియ్యము మానినవారికిని, పాలు మానినవారికిని సమానముగ వర్తించును. దేనిని తీసివేసితిమి అను ప్రశ్నతో పని సగమే అగును. దానితో ఏమేమి పోయినవి, వాని స్థానమున ఏమి వచ్చినవి అనునది తక్కిన సగము.

ఇంతకును పిండిపదార్థములను, పాలను కలిపి మానుట నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. చరకసంహిత ప్రమేహరోగమునకు కారణములు చెప్పునప్పుడు సుఖముగ కూర్చుండుటను, సుఖముగ నిద్రించుటను మొదట పేర్కొని, వాని వెంట పెరుగును, పాలను, క్రొత్త ధాన్యమును, బెల్లపు వంటకములను, నీటిపట్టుల జంతువుల మాంసరసములను పేర్కొనుచున్నది. ప్రమేహము ఇరువది విధములని ప్రాచీనులు చెప్పిరి; వానిలో ఒకటి మధుమేహము. రోగికి వారు విధించిన ముఖ్యాహారము యవలు. వానితో పెసలు, చేదు కూరలు, మెట్టభూమి జంతువుల మాంసము. సుశ్రుతుడు పుట్టుకతో వచ్చు ప్రమేహమును, అపథ్యముచే వచ్చు ప్రమేహమును వేరుచేసి చూపెను. ధనహీనుడైన రోగి నూరు యోజనములు నడువవలెననియు, సామల వంటి ధాన్యముతో మునివలె జీవింపవలెననియు, బావి త్రవ్వవలెననియు చెప్పెను. వైద్యశాల లేని కాలమున తిండి తగ్గించుటయు శ్రమ పెంచుటయు కలిసి ఒకే ఔషధముగ నుండినవి. నేటి పథ్యములలో మొదటి భాగమునకు ప్రచారము హెచ్చు, రెండవదానికి తక్కువ.

పశ్చిమ దేశముల కథయు తెలిసికొనదగినది. లండనులో విలియం బాంటింగ్ అను శవపేటికల వ్యాపారి ఉండెను. 66 ఏండ్ల వయస్సున ఆయన ఎత్తు 5 అడుగుల 5 అంగుళములు, బరువు 202 పౌనులు. వంగి పాదరక్షలు కట్టుకొనలేడు; మెట్లు ముఖము ముందుకు పెట్టి దిగలేడు. చెవి వినబడుట లేదని విలియం హార్వీ అను చెవివైద్యుని చూడబోయెను. పారిసులో క్లాడ్ బెర్నార్డ్ ఉపన్యాసములు వినివచ్చిన హార్వీ, ఇది చెవి రోగము కాదు, క్రొవ్వు రోగమని నిశ్చయించి 1862 ఆగస్టులో ఒక పథ్యము పెట్టెను. మానవలసినవి ఆరు: రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంప. అనగా, ఆధునిక కాలమున పేరుగాంచిన మొట్టమొదటి పిండి తక్కువ పథ్యమే పాలను వెన్నను కూడ నిషేధించినది. ఒక సంవత్సరము గడచునప్పటికి ఆయన 46 పౌనులు తగ్గెను. 1863లో ఆయన తన ఖర్చుతో అచ్చువేసిన చిన్న పుస్తకము పలు దేశములకు వ్యాపించెను. స్వీడను భాషలో బరువు తగ్గుటకై పథ్యము చేయుటకు నేటికిని వాడు క్రియాపదము ఆయన ఇంటిపేరునుండి పుట్టినదే.

ఇన్సులిన్ రాకముందు మధుమేహమునకు పథ్యమే మందు. 1910ల దశకములో అమెరికా వైద్యుడు ఫ్రెడరిక్ ఆలెన్ రోగులను దాదాపు ఉపవాసముంచి కొన్ని నెలలో, కొన్ని ఏండ్లో బ్రతికించెడివాడు. 1921లో టొరాంటోలో ఇన్సులిన్ కనుగొనబడెను. 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అను 14 ఏండ్ల బాలునికి తొలిసారి ఇయ్యబడెను. కనుగొన్నవారిలో ప్రముఖుని ఇంటిపేరు కూడ బాంటింగే. ఆయన ఫ్రెడరిక్, లండను బాంటింగ్ వేరు. మందు రాగానే పథ్యము వెనుకబడెను. మరల 1972లో అమెరికాలో రాబర్ట్ ఆట్కిన్స్ పుస్తకముతో పైకి వచ్చెను. తెలుగుదేశమున 2010ల చివరి భాగములో వీరమాచనేని రామకృష్ణ ప్రచారము చేసిన పద్ధతి ఊరూర సభలతో వ్యాపించెను. దినమునకు 70 నుండి 100 గ్రాముల క్రొవ్వు, 3 నిమ్మకాయలు, 4 లీటర్ల నీరు, విటమిను మాత్రలు అందులోని ముఖ్యాంశములు. నెయ్యి, వెన్న, కొబ్బరినూనె వంటివి అందు క్రొవ్వునకు ఆధారములు. పాడి సరిపడనివారికి కొబ్బరినూనెయే గతి అయినది. బరువు తగ్గినవారు మెచ్చుకొనిరి. వైద్యులలో పలువురు ఆక్షేపించిరి. ఈ వాదము నేటికిని సాగుచున్నది.

పాలు సరిపడమి కేవలము మనోభ్రాంతి అని పరిహసించువారు కలరు. అది సరి కాదు. పాలలో ఒక విధమగు చక్కెర కలదు. దానిని జీర్ణము చేయు లాక్టేసు అను రసము పసితనమున అందరిలో ఉండును. పెద్దవారైన పిమ్మట అనేకులలో తగ్గును. 1972లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థనుండి వినోదినీ రెడ్డి, ఆమె సహపరిశోధకుడు ఈ లోపమును గూర్చి భారతీయులలో చేసిన పరిశోధనను ప్రకటించిరి. 2012లో వెలువడిన జన్యుపరిశోధన ప్రకారము పాలు అరిగించుకొను జన్యులక్షణము మన దేశమున వాయవ్యమున హెచ్చుగ ఉండి, దక్షిణమునకును తూర్పునకును వచ్చుకొలది తగ్గుచున్నది. తూర్పు కొండల గిరిజనులు పాలు త్రాగకపోవుటకు ఆచారము ఒక కారణము కావచ్చును. దేహము మరియొక కారణము కావచ్చును. అయితే పులిసిన పెరుగులో ఆ చక్కెర కొంత తగ్గును. కాచిన నేతిలో దాదాపు ఉండదు. పాలు పడనివారందరును పెరుగును నెయ్యిని విడువనక్కరలేదు. పాలలోని మాంసకృత్తులే వికటించువారి సంగతి వేరు; వారికి మూడును కూడవు. తనకు ఏది పడదో తెలిసికొనకయే అన్నిటిని విడుచుట తవుడు కథను మరల నడిపించుట.

ఇక తీసినవాని స్థానమున ఏమి రావలెను? జాతీయ పోషకాహార సంస్థ 1971లో ప్రకటించిన పట్టిక మనకు దారి చూపును. నూరు గ్రాముల మరపట్టిన బియ్యములో పిండిపదార్థము సుమారు 78 గ్రాములు. చోళ్ళలో 72, గంటిలో 67, కొర్రలో 61. ఇచట ఒక అపోహ తొలగవలెను. చోడి అంబలి పట్టినచో పిండిపదార్థమును మానినట్లే అని అనేకులు తలచుచున్నారు. అట్లు కాదు. చిరుధాన్యము కూడ ధాన్యమే. అందు పీచు హెచ్చు, విలువైన లవణములు హెచ్చు; కాని దోసిళ్ళ కొలది తినిన బియ్యమునకు దానికి భేదము స్వల్పము. కందిపప్పులో సైతము నూటికి 57 పాళ్ళు పిండిపదార్థమే. తాతలు చోళ్ళు తిని ఆరోగ్యముగ ఉండిరి అనునప్పుడు వారు నడిచిన నడకను, దున్నిన దుక్కిని లెక్కలో చేర్చవలెను.

కాల్షియము విషయమున మాత్రము చోడి అద్వితీయము. నూరు గ్రాముల బియ్యములో 10 మిల్లీగ్రాములు, చోళ్ళలో 344. ఆవుపాలలో 120, గేదెపాలలో 210. నువ్వులలో 1,450, అవిసె ఆకులో 1,130, మునగాకులో 440, తోటకూరలో 397. ఆకులలోని కాల్షియమంతయు దేహమునకు అందదు. అయినను పాలు మానిన ఇంటికి ఎముకలబలము గతిలేని విషయము కాదని ఈ అంకెలు చెప్పుచున్నవి. రోజుకొక చిన్న గిన్నెడు చోడి అంబలి, నువ్వుల పొడి, ఒక ఆకుకూర: ఇవి మన మెట్టసీమ ఇచ్చిన పాడి. ఇక సముద్రము ఇచ్చిన పాడి నెత్తళ్ళు. ముల్లుతో సహా నమలి తినబడు ఈ చిన్న చేపలు కాల్షియమును, మాంసకృత్తులను, బి12 విటమినును కలిపి ఇచ్చును; పిండిపదార్థము వానిలో లేదు. కవళ్ళు, కానాగంతలు మేలైన క్రొవ్వును ఇచ్చును. జాలరిపేట స్త్రీ గంపలో తెచ్చు ఈ వస్తువులు దుకాణపు డబ్బాలకంటె చౌక. ఎండునెత్తళ్ళలో ఉప్పు అధికము గనుక రక్తపు పోటు గలవారు నానవేసి, కడిగి, మితముగ వాడవలెను.

శాకాహారులకు ఈ మార్గము ఇరుకైనది. అన్నమును, పాలను, చేపను, గ్రుడ్డును నాలుగింటిని విడిచినవారికి మిగులునవి వేరుసెనగ, నువ్వులు, కొబ్బరి, సోయా, మితముగ పప్పులు, కూరగాయలు. వీనితో బ్రతుకవచ్చును, కాని బి12 విటమిను వీనిలో దొరకదు. అది లోపించిన కాళ్ళు తిమ్మిరెక్కును, నరములు చెడును, మతిమరపు కలుగును. మధుమేహమునకు వాడు మెట్‌ఫార్మిన్ మాత్ర సైతము ఆ విటమినును తగ్గింపగలదు. కాళ్ళ తిమ్మిరి యనగనే మాల్కంసన్ వర్ణించిన సిపాయిలు జ్ఞప్తికి వచ్చుట సహజము. రోగము వేరు, విటమిను వేరు. కాని జరిగిన పొరపాటు ఒకటే: పోయినదేదో తెలియక పోగొట్టుకొనుట. ఇట్టివారు రక్తపరీక్ష చేయించుకొని మాత్రరూపమున బి12 తీసికొనుటలో సంకోచింపరాదు.

మరియొక హెచ్చరిక ఇంతకంటె ముఖ్యము. ఇన్సులినుగాని, చక్కెరను దించు మాత్రలుగాని వాడుచు అన్నమును హఠాత్తుగ మానిన రక్తములోని చక్కెర ప్రమాదకరముగ పడిపోవచ్చును. మందు మోతాదు వైద్యుడు తగ్గించిన పిదపనే అన్నము తగ్గవలెను. మూత్రపిండముల వ్యాధి గలవారు, గర్భిణులు, పాలిచ్చు తల్లులు తమంతట తామే ఇట్టి పథ్యమునకు పూనుకొనరాదు. 2018లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో వెలువడిన పరిశోధన పిండిపదార్థము మిక్కిలి హెచ్చుగ తినువారిలోను, మిక్కిలి తక్కువగ తినువారిలోను మరణములు అధికమని చూపెను. శక్తిలో సగము వరకు పిండిపదార్థముండిన మధ్యమార్గమున అవి తక్కువ. తగ్గించిన పిండికి బదులు పప్పులు, గింజలు తినినవారి స్థితి మాంసపు క్రొవ్వు తినినవారికంటె మేలుగ ఉండెను. నూటికి 62 పాళ్ళు తినువారు 50కి దిగుటకు అన్నమును బొత్తిగ బహిష్కరింపనక్కరలేదు. ముద్ద తగ్గి, కూర పెరిగిన చాలును.

ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగ ప్రకటించినది. ఒకనాడు బీదవాని తిండియని చులకన చేయబడిన చోడియు సామయు నేడు అందమైన సంచులలో బియ్యమును మించిన వెలకు అమ్ముడుపోవుచున్నవి. విస్తరి ఒకసారి మారినది గనుక మరల మారగలదు. అది మారుట మర వలనను, ఓడ వలనను, ధర వలనను జరిగినంతకాలము మన ప్రమేయము స్వల్పము. ఇప్పుడు మనమే మార్చుకొనుచున్నాము. కావున ఆ ఇల్లాలు విస్తరినుండి అన్నపుముద్దను, పెరుగుగిన్నెను తీసివేయునప్పుడు ఆ ఖాళీ చోటున ఏమి వడ్డింతునని ఒక్క నిమిషము ఆలోచించిన చాలును. తవుడును పోగొట్టుకొన్ననాడు ఈ తీరపు తల్లులకు ఆ మాట చెప్పువారు లేకపోయిరి.